కారు మార్చాలా వద్దా: పోటీలో పాత కారునూ నిలబెట్టండి

అప్రైజల్ లెటర్ చేతికొచ్చిన నెలలోనో, పాత కారు సర్వీసింగ్‌కు పెద్ద బిల్లు పడిన వారంలోనో కారు మార్చాలన్న ఆలోచన గట్టిపడుతుంది. శనివారం షోరూమ్‌కు వెళ్తారు. సేల్స్ ఎగ్జిక్యూటివ్ పక్కన కూర్చుని, ట్రాఫిక్ లేని రోడ్డు మీద పది నిమిషాలు తిప్పించి తీసుకొస్తాడు. కొత్త బండి కాబట్టి స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది, ఏసీ చల్లగా ఉంటుంది, చప్పుడు ఉండదు. ఆఫర్ ఈ నెలాఖరు వరకే అంటాడు. టోకెన్ అడ్వాన్స్ కట్టి ఇంటికొస్తారు. ఐదేళ్ల ఈఎంఐ ఆ పది నిమిషాల్లోనే ఖాయమైపోతుంది.

జీతం మీద బతికే చాలామందికి ఇంటి తర్వాత పెద్ద ఖర్చు కారే. ఆ ఖర్చు చేయొద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో గడిపేవారికి మంచి కారు అవసరమే. అయితే షోరూమ్‌లో జరిగే పోలిక ఒక కొత్త కారుకూ ఇంకో కొత్త కారుకూ మధ్యే జరుగుతుంది. అందులో ఏదో ఒక కొత్త కారు గెలిచి తీరుతుంది. మీ పాత కారు ఆ పోటీలోనే ఉండదు. దాన్ని కూడా నిలబెట్టి, అదే రోడ్డు మీద, అవే ప్రశ్నలతో పరీక్షిస్తేనే మార్చాలా వద్దా అన్నది తేలుతుంది.

ముందు ఫిర్యాదులు రాసుకోండి

షోరూమ్‌కు ఫోన్ చేసే ముందు ఒక రెండు వారాలు పాత కారుతో మీకున్న ఇబ్బందులను ఫోన్‌లో రాసుకోండి. 'పాతబడింది' అని రాస్తే ఉపయోగం లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది అన్నది రాయాలి. 'సాయంత్రం జేఎన్‌టీయూ దగ్గర క్లచ్ తొక్కి తొక్కి మోకాలు నొప్పి', 'మధ్యాహ్నం వెనక సీట్లో అమ్మకు ఏసీ అందలేదు', 'ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో లాగడం లేదు', ఇలా.

తర్వాత వాటిని మూడు గుంపులుగా విడగొట్టండి. మొదటిది మెకానిక్ బాగుచేయగలవి: బలహీనపడిన ఏసీ, అరిగిన క్లచ్, గుంతల్లో దడదడలాడే సస్పెన్షన్. రెండోది ఆ కారు స్వభావంలోనే ఉన్నవి: గేర్లు మాన్యువల్ కావడం, ఒకటే ఎయిర్‌బ్యాగ్ ఉండటం, వెనక ముగ్గురికి చోటు చాలకపోవడం. మూడోది కారుతో సంబంధం లేనివి: ట్రాఫిక్, పార్కింగ్, పక్కింటివాళ్లు కొత్త కారు కొనడం. కొత్త కారు కొనడానికి రెండో గుంపే బలమైన కారణం. మొదటి గుంపుకు వేలల్లో పని అయిపోతుంది. మూడో గుంపు ఎన్ని లక్షలు పెట్టినా అలాగే ఉంటుంది.

మైలేజీ విషయంలో ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌కు పెట్రోలుకున్నంత శక్తి లేదు కాబట్టి ఏ కారులోనైనా మైలేజీ కొంత తగ్గుతుంది. మీరు చూస్తున్న తగ్గుదలంతా పాత ఇంజన్ తప్పే అనుకోవద్దు.

పాత కారును సరైన స్థితిలోకి తెండి

సర్వీసింగ్ వాయిదా పడిన కారును కొత్త కారుతో పోల్చడం న్యాయం కాదు. ఇద్దరు మెకానిక్‌ల దగ్గర ఎస్టిమేట్ తీసుకోండి. ముఖ్యంగా టైర్లు చూడండి. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. రబ్బరు గట్టిపడిన టైర్ల వల్ల చప్పుడు, కుదుపు, వానలో బ్రేకు సరిగా పడకపోవడం అన్నీ వస్తాయి. చాలామంది 'కారు పాతబడింది' అనేది అసలు ఈ టైర్ల గురించే.

ఎస్టిమేట్ చిన్నదైతే ముందు ఆ పని చేయించి, తర్వాత పోల్చండి. పెద్దదైతే, అంటే కారు అమ్మకపు ధరలో మూడో వంతు దాటితే, చేయించకుండా ఆ అంకెను పోలికలో ఖర్చుగా రాసుకోండి. ఎలాగూ అమ్మేస్తారనుకునే కారుకు పెయింటు వేయించడం, కొత్త సీటు కవర్లు కొనడం దండగ. ఆ డబ్బు అమ్మకంలో తిరిగి రాదు.

మూడింటికి మించి చూడొద్దు

పాత కారు కాక మూడు కార్లు చాలు. ఆరు నడిపితే మొదటిదాని సంగతి గుర్తుండదు. ఏ కారు, ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, ఏ వేరియంట్ అన్నది ముందే తేల్చుకోండి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. షోరూమ్‌లో డెమో కారు తరచుగా టాప్ వేరియంట్ ఉంటుంది. టర్బో ఇంజన్, పెద్ద అల్లాయ్ వీల్స్, వెనక ఏసీ వెంట్లు అన్నీ దానికి ఉంటాయి. దాన్ని నడిపి మధ్య వేరియంట్ బుక్ చేస్తారు. వచ్చిన కారుకు ఇంజనే వేరు, పికప్ వేరు. మీరు కొనేది టర్బో లేని ఇంజన్ అయితే దాన్నే తెప్పించమనండి. లేదంటే వేరే డీలర్ దగ్గరికి వెళ్లండి. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ సరిపోలని డెమో కారును నడిపినా అది మీ కారు సంగతి చెప్పదు.

ధరల చట్రం కూడా తెలుసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఇంజన్ ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. వాటికంటే పెద్దవాటికి 40 శాతం. ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతం. నాలుగు మీటర్ల కారు నుంచి ఒక మెట్టు పైకి వెళ్తే ధరలో వచ్చే తేడాకు ఈ పన్ను కూడా ఒక కారణం. ఆ మెట్టు మీకు నిజంగా కావాలా అన్నది డిక్కీ, వెనక సీటు చూసి తేల్చుకోండి.

టెస్ట్ డ్రైవ్ మీ రోడ్డు మీద, మీ మనుషులతో

డెమో కారును ఇంటికి తెప్పించమని అడగండి. చాలా షోరూమ్‌లు పంపిస్తాయి. ఒరిజినల్ లైసెన్స్ దగ్గర పెట్టుకోండి. డెమో కారుకు ఇన్సూరెన్స్ ఉందా, తగిలితే ఖర్చు ఎవరిది అన్నది బయల్దేరే ముందే అడగండి. సంతకం పెట్టమని కాగితం ఇస్తే చదివి పెట్టండి.

మూడు కార్లనూ ఒకే రూట్‌లో, వీలైతే వారం రోజుల లోపే నడపండి. రూట్‌లో మీ రోజువారీ కష్టాలన్నీ ఉండాలి: అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్, కాలనీ స్పీడ్ బ్రేకర్లు, ఒక గుంతల రోడ్డు, ఒక యూటర్న్, ఒక ఫ్లైఓవర్, బంపర్ టు బంపర్ ట్రాఫిక్. హైదరాబాద్‌లో ఉంటే ఓఆర్ఆర్ మీద కొద్ది దూరం, విశాఖలో ఉంటే సింహాచలం కొండ దారి కలుపుకోండి. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద కాకుండా ఆఫీసు వేళకు వెళ్లండి. ఏసీ పరీక్షకు మధ్యాహ్నం మళ్లీ ఒకసారి ఎండలో నిలిపి చూడండి.

కారులో రోజూ ఎక్కేవాళ్లు ఆ రోజు కూడా ఎక్కాలి. ఇంట్లో ఇంకొకరు నడిపేవారుంటే వాళ్ల చేతికీ స్టీరింగ్ ఇవ్వండి. అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే సీటు ఎత్తు వారికే తెలియాలి. మరీ కిందున్న సీటులోంచి లేవడం ఎంత కష్టమో, మరీ ఎత్తున్న కారులోకి ఎక్కడమూ అంతే కష్టం. చిన్నపిల్లలుంటే మీ చైల్డ్ సీటు తీసుకెళ్లి ఐసోఫిక్స్ హుక్కులకు బిగించి చూడండి.

ఏం చూడాలి, ఏ వరుసలో

ఇంజన్ ఆన్ చేయకముందే ఐదు నిమిషాలు కూర్చోండి. సీటు, స్టీరింగ్ మీకు తగ్గట్టు సర్దుకున్నాక ఎడమ కాలు పెట్టుకోవడానికి చోటుందా, అద్దం పక్కనున్న పిల్లర్ మలుపుల్లో చూపుకు అడ్డమొస్తుందా, వెనక్కి తిరిగితే ఎంత రోడ్డు కనిపిస్తుంది అన్నవి గమనించండి. మీ డ్రైవింగ్ పొజిషన్‌లో సీటు ఉంచి, వెనక మీరే కూర్చుని మోకాళ్లకు చోటు చూడండి.

నడిపేటప్పుడు మ్యూజిక్ ఆపేయండి. ఎగ్జిక్యూటివ్‌ను కాసేపు మాట్లాడొద్దని మర్యాదగా అడగండి. స్పీడ్ బ్రేకర్ మీద ఫుల్ లోడ్‌తో కింద తగులుతుందా, గుంతలో కుదుపు నడుముకు ఎంత తెలుస్తుంది, యూటర్న్ ఒక్కసారిలో వస్తుందా, వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే కారు పక్కకు లాగకుండా తిన్నగా ఆగుతుందా అని చూడండి. వేగం 80 దాటాక మామూలు గొంతుతో మాట్లాడుకోగలగాలి. టచ్ స్క్రీన్‌లో ఏసీ తగ్గించడానికి రోడ్డు మీద నుంచి చూపు తిప్పాల్సి వస్తే, రోజూ అదే తిప్పలు. ఊళ్లకు రాత్రి ప్రయాణాలు చేసేవారు చీకటి పడ్డాక ఒకసారి హెడ్‌లైట్లు చూసి తీరాలి.

భద్రత టెస్ట్ డ్రైవ్‌లో తెలియదు. దానికి కాగితాలే చూడాలి. 2023 అక్టోబర్ నుంచి మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులు జరుగుతున్నాయి. పెద్దల స్కోరు, పిల్లల స్కోరు విడివిడిగా ఉంటాయి. రెండూ చూడండి.

ఆటోమేటిక్ అంటే ఒకటే రకం కాదు

ట్రాఫిక్ బాధతో కారు మార్చేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది ఆటోమేటిక్. మారుతి వ్యాగన్ఆర్, టాటా టియాగోలలో వచ్చే ఏఎంటీ చౌక, మైలేజీ బాగుంటుంది. గేరు మారేటప్పుడు తల చిన్నగా ముందుకు వెనక్కు ఊగుతుంది. కొందరికి వారంలో అలవాటవుతుంది, కొందరికి ఎప్పటికీ కాదు. హోండా అమేజ్‌లోని సీవీటీ సాఫీగా వెళ్తుంది, ఒక్కసారిగా తొక్కితే ఇంజన్ హోరు ముందు, వేగం తర్వాత. మారుతి బ్రెజాలోని టార్క్ కన్వర్టర్ నెమ్మదైన ట్రాఫిక్‌కు నమ్మకమైనది. హ్యుందాయ్ వెన్యూ టర్బోలోని డీసీటీ వేగంగా గేర్లు మారుస్తుంది. క్లచ్‌లు చమురులో మునగకుండా పొడిగా ఉండే రకం డీసీటీ అయితే గంటల తరబడి నత్తనడక ట్రాఫిక్‌లో వేడెక్కే ఇబ్బంది ఉండొచ్చు. ఏ రకమో అడగండి.

పరీక్ష ఒకటే: ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగి, బ్రేకు వదిలి మళ్లీ కదలండి. కారు వెనక్కి జారిందా, ఎంత జారింది? తర్వాత నడక వేగంతో కదిలే ట్రాఫిక్‌లో పది నిమిషాలు. ఈ రెండింట్లో మీ మోకాలికి, మనసుకు హాయిగా ఉన్నదే మీ గేర్‌బాక్స్.

ఎలక్ట్రిక్ చూస్తుంటే టెస్ట్ డ్రైవ్ కంటే ముందు సెల్లార్ చూడాలి. మీ పార్కింగ్ దగ్గరికి మీ మీటర్ నుంచి లైను తెచ్చుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకుందా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ప్రకటించారు. తేదీ దగ్గర పడిందని ఛార్జింగ్ సంగతి తేలకుండానే తొందరపడితే, పన్నులో మిగిలింది కంటే బయట ఛార్జర్ల దగ్గర పోయే సమయం ఎక్కువవుతుంది. సీఎన్‌జీ అయితే డిక్కీ తెరిచి మీ ప్రయాణపు సూట్‌కేసు పెట్టి చూడండి.

ఆ రోజే మార్కులు వేయండి

ఒక కాగితం మీద నాలుగు నిలువు గళ్లు గీయండి. మొదటి గడి పాత కారుది. అడ్డంగా మీ ఫిర్యాదుల జాబితాలోని రెండో గుంపు అంశాలే రాయండి. ప్రతి దానికీ ఐదుకు ఎన్నో ఆ రోజు రాత్రికల్లా వేయండి. కుటుంబంలో ఇంకొకరు మీది చూడకుండా విడిగా వేయాలి. సన్‌రూఫ్, రంగు లైట్లు మీ జాబితాలో లేకపోతే వాటికి గడి ఇవ్వొద్దు. జాబితాలో లేని కారణంతో ఒక కారు గెలుస్తోందంటే, అది డెమోలో చూసిన ఆకర్షణ అని గుర్తించండి.

లెక్క నెలకు తేవాలి

ఒక కేసు తీసుకుందాం. గచ్చిబౌలిలో పనిచేసే ఒక టీమ్ లీడ్ దగ్గర ఎనిమిదేళ్ల హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఇప్పుడు అమ్మితే 3 లక్షలు వస్తుంది. చూస్తున్న కొత్త కారు ఆన్-రోడ్ 13 లక్షలు. పాత కారు డబ్బు 3, చేతి నుంచి 2, లోను 8 లక్షలు. 9 శాతం వడ్డీతో ఐదేళ్లకు ఈఎంఐ సుమారు 16,600. మొత్తం వడ్డీ సుమారు 1.96 లక్షలు. సర్వీసింగుకు, ఇన్సూరెన్స్‌లో పెరిగే మొత్తానికి ఏడాదికి 25 వేలు అనుకుంటే ఐదేళ్లకు 1.25 లక్షలు. ఐదేళ్ల తర్వాత కారు 5.5 లక్షలకు అమ్ముడైందనుకుందాం. అంటే 13, 1.96, 1.25 కలిపి అందులోంచి 5.5 తీస్తే నికర ఖర్చు 10.71 లక్షలు. నెలకు సుమారు 17,850.

పాత కారు ఉంచుకుంటే? మరో ఐదేళ్లకు దాని ధర 3 లక్షల నుంచి లక్షకు పడిపోతుంది. రిపేర్లు, టైర్లు, సర్వీసింగ్ కలిపి ఏడాదికి 40 వేలు. మొత్తం 4 లక్షలు, నెలకు సుమారు 6,700. తేడా నెలకు 11 వేలు. ఇంధనం ఖర్చు రెండింటికీ ఒకేలా ఉందనుకున్నాం. ఇప్పుడు ప్రశ్న సూటిగా ఉంటుంది: మార్కుల కాగితంలో కనిపించిన తేడాకు నెలకు 11 వేలు పెట్టడం మీకు సమ్మతమేనా? మోకాలి నొప్పి, పిల్లల భద్రత ఆ జాబితాలో ఉంటే అవుననడంలో తప్పు లేదు. మీ అంకెలు పెట్టి ఇదే లెక్క వేయండి.

షోరూమ్‌లో ఈఎంఐ తగ్గించి చూపడానికి ఏడేళ్ల లోను చెప్తారు. అదే 8 లక్షలకు ఏడేళ్లయితే ఈఎంఐ 12,870కి దిగుతుంది, వడ్డీ 2.81 లక్షలకు పెరుగుతుంది. అంటే అదనంగా 85 వేలు. పైగా ఐదో ఏట కారు మళ్లీ మార్చాలనిపించినా లోను మిగిలే ఉంటుంది.

నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. మూడు నెలల పాటు ఆ ఈఎంఐ మొత్తాన్ని జీతం పడిన రోజునే వేరే ఖాతాలోకి మళ్లించండి. స్కూలు ఫీజులు, ఇన్సూరెన్స్ ప్రీమియం పడే నెల అందులో ఒకటి ఉండేట్టు చూసుకోండి. మూడు నెలలూ ఆ ఖాతా ముట్టుకోకుండా గడిస్తే ఈఎంఐ మోయగలరు. ఆ డబ్బు డౌన్ పేమెంట్‌కు కలుస్తుంది కూడా.

ఉద్యోగం మీద పడే బరువు

ఈఎంఐ లెక్కలో వేరియబుల్ పే, బోనస్, రాబోయే హైక్ కలపొద్దు. చేతికొచ్చే స్థిర జీతం మీదే లెక్క వేయండి. ఆరు నెలల్లోపు ఉద్యోగం మారే ఆలోచన ఉంటే కారు తర్వాత చూసుకోండి. ఈఎంఐ మీద ఉన్నప్పుడు తక్కువ జీతమైనా మంచి పని ఉన్న ఆఫర్‌ను వదులుకోవాల్సి వస్తుంది. ఊరు మారితే రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ గొడవ కూడా ఉంటుంది.

కంపెనీ కార్ లీజ్ తీసుకునేవారు పన్ను మిగులు ఒక్కటే చూడొద్దు. మధ్యలో రాజీనామా చేస్తే కారు ఏమవుతుంది, ఎంత కట్టి తీసుకోవాలి, కొత్త కంపెనీకి లీజు మారుతుందా అన్నవి హెచ్ఆర్ నుంచి మెయిల్‌లో రాయించుకోండి. నోటీస్ పీరియడ్‌లో ఉండగా ఫోర్‌క్లోజర్ మొత్తం చూసి కంగారుపడేవారు, ముందు ఆ షరతులు చదవనివారే.

బుకింగ్, పాత కారు అమ్మకం

ఎక్స్ఛేంజ్ బోనస్‌ను, పాత కారు ధరను విడివిడిగా రాసిమ్మనండి. బోనస్ 30 వేలు ఇచ్చి పాత కారు ధరలో 50 వేలు కోస్తే మిగిలింది నష్టమే. డీలర్ ధరతో పాటు స్పిన్నీ, కార్స్24 లాంటి చోట్ల రెండు కొటేషన్లు తెచ్చుకోండి. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమం లేదు. బయట కొటేషన్ చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు.

పాత కారు మీద కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మీది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే 50 శాతం వరకు ఉంటుంది. పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుని కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో వాడుకోండి. మూడేళ్ల వరకు చెల్లుతుంది. కారు ధర 10 లక్షలు దాటితే డీలర్ వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ మీ పాన్ మీద జమవుతుంది. రిటర్న్ వేసేటప్పుడు వాడుకోవడం మరిచిపోవద్దు.

డెలివరీకి ముందు కారును పగటి వెలుతురులో చూడండి. తయారైన నెల, సంవత్సరం ఫారం 21లో ఉంటుంది. మీకు చెప్పిన ఛాసిస్ నంబరే రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉందా, టైర్ల మీద తేదీలు కారు తయారీ తేదీకి దగ్గరగా ఉన్నాయా సరిచూడండి. డబ్బు పూర్తిగా కట్టాక తప్పులు దొరికితే బతిమాలుకోవాల్సి వస్తుంది. కట్టకముందు దొరికితే వాళ్లే సరిచేస్తారు.

పాత కారు అప్పగించేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి వదిలేయకండి. ఆర్‌సీలో పేరు మారే వరకు చట్టం దృష్టిలో యజమాని మీరే. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తేదీ, సమయం, కొన్నవారి ఐడీ కాపీ ఉన్న డెలివరీ నోట్ తీసుకోండి. ఫాస్టాగ్ మూయించండి. లోను తీరిన కారైతే ఫారం 35తో బ్యాంకు పేరు తీయించి ఉండాలి. ఎంపరివాహన్ యాప్‌లో పేరు మారిందో లేదో నెల తర్వాత చూడండి.

తేల్చడం ఎలా

మార్కుల కాగితంలో కొత్త కారు మీ ముఖ్యమైన ఇబ్బందుల్లో కనీసం రెండింటిని తీర్చాలి. నెలవారీ తేడా స్థిర జీతంలో ఇమడాలి. మూడు నెలల ఈఎంఐ ప్రయత్నం నెగ్గాలి. ఈ మూడూ కుదిరితే సందేహం పెట్టుకోకుండా బుక్ చేయండి, మంచి బండిలో ఆఫీసుకు వెళ్లండి. ఒక్కటి తప్పినా ఈ ఏడాదికి పాత కారు గెలిచినట్టే. అప్పుడు టైర్లు, బ్యాటరీ, ఏసీ పని చేయించి, మళ్లీ ఎప్పుడు చూడాలో క్యాలెండర్‌లో తేదీ పెట్టుకోండి. అప్పటివరకు షోరూమ్ నుంచి వచ్చే ఫోన్లకు ఆ తేదీనే చెప్పండి. ఆలోగా వేరే ఖాతాలో పడుతున్న డబ్బును ఆపకండి. వచ్చేసారి లోను చిన్నదవుతుంది, బేరంలో మీ మాటకు బలం పెరుగుతుంది.